సంతకానికి ముందే వెతకాలి

(సంఘం జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో ‘ఒప్పందాలు - చట్ట సమాచారం’ అనే అంశంపై న్యాయ సలహాదారు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఒక సాయంత్రం కోర్టు అయిపోయాక ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. మూడెకరాల్లో విత్తన పంట వేశాడు. గింజ తీసుకుపోయారు. నాలుగు నెలల తర్వాత “జీఓటీ ఫెయిల్ అయింది, సరుకు రిజెక్ట్” అని కబురు చేశారు. అడ్వాన్సుగా ఇచ్చిన డబ్బు వడ్డీతో కట్టమన్నారు.

“అన్నా, ఒప్పందం కాగితం ఏది?” అన్నాను. ఫోన్ తీసి చూపించాడు. మొదటి పేజీ ఫోటో ఒక్కటే ఉంది.

“మిగతా పేజీలు?”

“ఆర్గనైజర్ దగ్గరే ఉన్నాయి సార్. సంతకం పెట్టించుకుని తీసుకుపోయాడు.”

“కంపెనీ తరఫున ఎవరు సంతకం చేశారు?”

“అది నేను చూడలేదు సార్.”

ఆ రైతు చదువురానివాడు కాదు, ఇంటర్ పాసయ్యాడు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కబెట్టి, సుడులు చూసి, నాలుగడుగులు నడిపించి కొంటాడు. ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి ఆ చూపు ఏమైంది? ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు. ఈరోజు నేను చెప్పబోయేది అదే.

ముందుగా ఒక భ్రమ పోగొట్టుకుందాం. కంపెనీకి పెద్ద లాయర్లున్నారు, మనకు తెలియనివన్నీ వాళ్లకు తెలుసు అనుకుంటాం. వాళ్లకున్న ఎక్కువ బలం వెతికే అలవాటు. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి వాటికి చందా కట్టి వాడుకుంటారు, నిజమే. కానీ వాటిలో ఉండే ముడిసరుకు చట్టాలు, తీర్పులు. అవి ప్రజల ఆస్తి. కంపెనీల రిజిస్టరు, భూముల రిజిస్టరు కూడా చట్టం మన కోసం తెరిచి పెట్టినవే. చాలావరకు ఉచితం, కొన్నింటికి కొద్దిపాటి రుసుము. వాళ్లు సంతకానికి ముందు చూస్తారు, మనం పంట పోయాక చూస్తాం. తేడా అక్కడే ఉంది.

ఒప్పందం మన చేతికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఒక్కొక్క దానికి జవాబు ఎక్కడ దొరుకుతుందో చూద్దాం.

మొదటి ప్రశ్న: ఎదుటివాడు ఎవరు?

గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనం పండించే రైతులకు ఆర్గనైజర్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు. విత్తనం కంపెనీది, బేరం ఆర్గనైజర్‌ది, నష్టం రైతుది. గొడవ వచ్చినప్పుడు కంపెనీ “మాకు ఆ రైతుతో ఒప్పందమే లేదు” అంటుంది. కాబట్టి కాగితం మీద రెండో పక్షంగా ఎవరి పేరుంది, ఎవరు ఏ హోదాలో సంతకం చేశారు అన్నది మొదట చూడాలి. ఆర్గనైజర్ చేస్తుంటే, కంపెనీ తరఫున చేసే అధికారం తనకు ఇచ్చినట్టు కాగితం చూపించమనండి.

కంపెనీ అంటున్నారు కదా, అది నిజంగా ఉందా? 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రతి కంపెనీ తన లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాతో పాటు సీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ముద్రించాలి. అందులో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చూడటం తెలిస్తే అదే ఒక జాతకం. మొదటి అక్షరం ‘ఎల్’ అయితే షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ, ‘యు’ అయితే కానిది. తర్వాతి ఐదు అంకెలు అది ఏ రకం వ్యాపారమో చెబుతాయి. ఆ పైన రెండక్షరాలు రాష్ట్రం. ఆ తర్వాత నాలుగంకెలు పుట్టిన సంవత్సరం. “ముప్పై ఏళ్లుగా మీ జిల్లాలో చేస్తున్నాం” అని చెప్పే కంపెనీ సీఐఎన్‌లో 2023 అని ఉంటే అక్కడే ఆగి అడగాలి.

ఆ సంఖ్యతో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వెతికితే డైరెక్టర్లు ఎవరు, చెల్లించిన మూలధనం ఎంత, కంపెనీ నడుస్తోందా లేక రిజిస్టరు నుంచి పేరు కొట్టేశారా అన్నవి తెలుస్తాయి. రుసుము కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కూడా చూడొచ్చు. ఈ హక్కు 399వ సెక్షన్ ఇచ్చింది. కంపెనీలో వాటా ఉండాలన్న నియమం లేదు, ఎవరైనా చూడొచ్చు.

అందులోనే ‘చార్జెస్’ అని ఒక పట్టిక ఉంటుంది. ఆస్తులు తాకట్టు పెట్టి ఏ బ్యాంకు దగ్గర ఎంత అప్పు తెచ్చారో అక్కడ ఉంటుంది. అది మనకెందుకు? కంపెనీ దివాలా తీస్తే, 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం ఆస్తులు అమ్మిన డబ్బులో తాకట్టు ఉన్న బ్యాంకు ముందు వరుసలో ఉంటుంది. సరుకు ఇచ్చి డబ్బు రావాల్సిన రైతు చాలా వెనక నిలబడతాడు. మూలధనం లక్ష రూపాయలు, అప్పు కోట్లలో ఉన్న కంపెనీకి పంటంతా ఉద్దెరకు ఇస్తున్నామంటే, ఆ అప్పుల్లో మనమూ ఒక భాగం అవుతున్నామన్న మాట. ఇవ్వొద్దని నేను అనను. తెలిసి ఇవ్వండి, అడ్వాన్సు ఎక్కువ అడగండి, బ్యాంకు గ్యారంటీ అడగండి.

రెండో ప్రశ్న: ఈ కాగితం ఏ చట్టం కింద నడుస్తుంది, ఆ చట్టం బతికే ఉందా?

చట్టాల కోసం కేంద్ర ప్రభుత్వం ‘ఇండియా కోడ్’ అనే వెబ్‌సైట్ నడుపుతోంది. కేంద్ర చట్టాలతో పాటు రాష్ట్రాల చట్టాలూ అందులో ఉంటాయి. కొత్తగా వచ్చినవి, సవరణలు గెజిట్‌లో చూడాలి. పాత పుస్తకం, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ నమ్మితే మోసపోతాం.

ఒక ఉదాహరణ చెబుతాను. 2020లో కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాల్లో ఒకటి కాంట్రాక్టు సేద్యం గురించే. వివాదం వస్తే ఎస్‌డీఎం దగ్గరికి, అంటే మన ఆర్డీఓ దగ్గరికి పోవాలని, సివిల్ కోర్టుకు అధికారం లేదని అందులో రాశారు. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు ఆ చట్టాల అమలు ఆపింది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా చేసిన పోరాటం ఫలితంగా 2021 నవంబరు చివర పార్లమెంటు మూడింటినీ రద్దు చేసింది. ఇప్పుడు ఎవరైనా ఆ చట్టం పేరుతో అచ్చయిన ఫారం మీ ముందు పెడితే, మీరు పోరాడి చంపిన చట్టాన్నే మీ చేత సంతకం పెట్టించుకుంటున్నట్టు.

కొన్ని చట్టాలు మాత్రం నూట యాభై ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అలాంటిది. దానిలో మూడు సెక్షన్లు ప్రతి కార్యకర్తకూ తెలియాలి. 73: ఒప్పందం తప్పినవాడు, ఆ తప్పు వల్ల సహజంగా కలిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలి. 74: ఒప్పందంలో “తప్పితే ఐదు లక్షలు జరిమానా” అని రాసుకున్నా, కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. కాగితం మీద ఉన్న అంకె చూసి భయపడి ఊరు విడిచిపోవద్దు. 28: కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా తీసేసే షరతు చెల్లదు. ఆర్బిట్రేషన్‌కు మాత్రం దీంట్లో మినహాయింపు ఉంది.

ఇంకొక మాట. ఒప్పందం తెల్లకాగితం మీద రాసుకున్నామని, స్టాంపు లేదని పారెయ్యకండి. 1899 స్టాంపు చట్టం ప్రకారం ఇలాంటి కాగితాలకు తక్కువ పడిన స్టాంపు సొమ్ము, దానిపై జరిమానా కట్టి సాక్ష్యంగా చూపించుకునే దారి ఉంది. కాటా చీటీ, సూపర్‌వైజర్ వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్, ఫోన్‌పేలో వచ్చిన అడ్వాన్సు, అన్నీ సాక్ష్యాలే. ఫోన్ మార్చేటప్పుడు అవి పోకుండా చూసుకోండి.

మూడో ప్రశ్న: ఇలాంటి గొడవలో కోర్టులు ఇంతకు ముందు ఏం చెప్పాయి?

సుప్రీంకోర్టు తీర్పులు ‘ఈ-ఎస్‌సీఆర్’ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ పెడుతున్నారు. ‘ఇండియన్ కానూన్’ వెబ్‌సైట్‌లో హైకోర్టు తీర్పులు కూడా మాటను బట్టి వెతకొచ్చు. జిల్లా కోర్టుల్లోని కేసులు ‘ఈ-కోర్ట్స్’లో పార్టీ పేరుతో దొరుకుతాయి. మీ జిల్లా ఎంచుకుని కంపెనీ పేరు కొట్టి చూడండి. పక్క మండలం రైతులు ఆ కంపెనీ మీద కేసు వేసి తిరుగుతున్నారా, లేక కంపెనీయే రైతుల మీద వేసిందా, తెలిసిపోతుంది.

వెతికితే ఏం దొరుకుతుందో చెప్పడానికి మన నేల మీద పుట్టిన తీర్పు ఒకటుంది. జాతీయ విత్తన సంస్థకూ మధుసూదన్ రెడ్డి అనే రైతుకూ మధ్య కేసులో 2012 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ వినియోగదారుల ఫోరాల్లో రైతులు గెలిచిన కేసులు కలిసి అక్కడిదాకా వెళ్లాయి. విత్తనం నాసిరకం, పంట పోయిందన్నది రైతుల ఫిర్యాదు. సంస్థ మూడు వాదనలు చేసింది. విత్తనం పండించి తిరిగి అమ్మే రైతు వినియోగదారుడు కాదంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉంది కాబట్టి ఫోరానికి రాకూడదంది. విత్తనం శాంపిల్‌ను ల్యాబుకు పంపలేదు కాబట్టి ఫిర్యాదు నిలవదంది.

మూడూ వీగిపోయాయి. డబ్బు పెట్టి విత్తనం కొని, సొంత జీవనం కోసం సాగు చేసే రైతు వినియోగదారుడే అని కోర్టు చెప్పింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల చట్టం ఇచ్చే దారి అదనంగా ఉంటుందంది. శాంపిల్ సంగతి రైతు బతుకు తెలిసినట్టు చెప్పింది: కొన్న విత్తనమంతా రైతు పొలంలో చల్లేస్తాడు, రేపు కోర్టుకు పోవాల్సి వస్తుందని పిడికెడు దాచుకోడు. ల్యాబుకు పంపాలనుకుంటే తన దగ్గరున్న అదే లాటు విత్తనాన్ని సంస్థే పంపి ఉండొచ్చు.

ఇప్పుడున్నది 2019 వినియోగదారుల చట్టం. ఇందులో రైతు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. గడువు రెండేళ్లు. ఒప్పందంలో “వివాదాలు ముంబై కోర్టుల్లోనే” అని రాసి ఉన్నంత మాత్రాన మన జిల్లా కమిషన్ తలుపు మూసుకోదు. ఈ ఒక్క తీర్పు తెలిసి ఉంటే ఎంతమంది రైతులు రాజీకి వంగకుండా నిలబడేవారో!

ఇక్కడే ఒక హెచ్చరిక. వెతికేటప్పుడు చివరి కాగితం దాకా వెతకాలి. గుజరాత్ బంగాళాదుంప రైతుల కేసు మీ అందరికీ గుర్తుంది. 2019లో పెప్సికో కంపెనీ తన పేర నమోదైన ఎఫ్‌సీ-5 రకం వేశారని రైతుల మీద కేసులు వేసింది. నలుగురి నుంచి ఒక్కొక్కరి దగ్గర 1.05 కోట్లు అడిగింది. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్‌లో విత్తనం దాచుకోవడానికి, తిరిగి విత్తడానికి, మార్చుకోవడానికి, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికి రైతుకు హక్కు ఉంది. దేశమంతా నిరసన లేచింది. మేలో కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది.

రైతు ఉద్యమ కార్యకర్త కవిత కురుగంటి అక్కడితో ఆగలేదు. ఆ రకం నమోదు కోసం కంపెనీ ఇచ్చిన దరఖాస్తు కాగితాల్లోకి వెళ్లారు. తొలి అమ్మకం తేదీ, కొత్త రకమా పాత రకమా అన్న వివరాల్లో తప్పులున్నాయని చూపి రద్దు కోరారు. 2021 డిసెంబరు 3న ఆ చట్టం కింద ఏర్పడిన అథారిటీ రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ రద్దును సమర్థించారు. 2024 జనవరి 9న అదే హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ తీర్పును తిప్పేసి కంపెనీ వైపు నిలిచింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. రిజిస్టరులో ఉన్న ఒక దరఖాస్తును శ్రద్ధగా చదివితే ఎంత పెద్ద కంపెనీనైనా జవాబు చెప్పేలా నిలబెట్టవచ్చు. రెండోది, 2021 ఆర్డరు ఒక్కటే చదివి “ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది” అని మనం సభలో చెబితే, మర్నాడు కంపెనీ లాయరు 2024 తీర్పు చూపించి మన పరువు తీస్తాడు. మనకు అనుకూలంగా ఉన్నది దొరకగానే ఆగిపోకూడదు. 39వ సెక్షన్ మాత్రం చట్టంలో అలాగే ఉంది, అది మన హక్కు.

నాలుగో ప్రశ్న: మన భూమి మీద ఈ కాగితం ఏం చేస్తుంది?

పంట ఒప్పందం ఒక సీజన్‌తో పోతుంది. భూమి లీజు అలా కాదు. సోలార్ కంపెనీలకు ఇచ్చే లీజులు పాతికేళ్లు, అంతకు మించి ఉంటున్నాయి. సంతకం తండ్రిది, అనుభవించేది కొడుకు. ఏడాది దాటిన లీజు రిజిస్ట్రేషన్ కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్, 1882 ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతున్నాయి. “నోటరీ చాలు” అని ఎవరన్నా నమ్మొద్దు.

సంతకానికి ముందు మన భూమికి మనమే ఈసీ తీయించుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చని 57వ సెక్షన్ చెబుతోంది. అదే కంపెనీ పక్క ఊరిలో ఎకరాకు ఎంత కౌలుకు, ఏ షరతులతో లీజు రాయించుకుందో ఆ పుస్తకంలో ఉంటుంది. మీ ఊరికి 30 వేలు చెప్పి పక్క ఊరికి ఎక్కువ ఇచ్చిందా అన్నది ఏజెంటును అడగొద్దు, రిజిస్టరును అడగండి. ఆంధ్రాలో మీభూమిలో అడంగల్, వన్-బీ చూసుకోండి. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో వివరాలు సరిచూసుకోండి. పేరులో, సర్వే నంబరులో, విస్తీర్ణంలో తప్పుంటే లీజుకు ముందే దిద్దించుకోవాలి.

లీజు పత్రంలో ఒక వాక్యం కోసం ప్రత్యేకంగా వెతకండి: కంపెనీ తన లీజు హక్కును బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవచ్చా, ఇంకో కంపెనీకి బదిలీ చేయొచ్చా? అలా ఉంటే మన అనుమతి తీసుకోవాలని రాయించుకోవాలి. కంపెనీ మధ్యలో వెళ్లిపోతే కాంక్రీటు దిమ్మెలు ఎవరు పీకాలో కూడా రాయించుకోవాలి.

మిత్రులారా, వెబ్‌సైట్లో దొరకనివి సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు. విత్తన కంపెనీకి లైసెన్సు ఉందా, మీ మండలంలో నష్టపరిహారం నివేదిక ఎవరు రాశారు, ఏం రాశారు లాంటివి వ్యవసాయ శాఖ దగ్గరే ఉంటాయి. సంబంధిత ఆఫీసు 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈ మధ్య పిల్లలు ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగి సెక్షన్లు, తీర్పులు చెబుతున్నారు. అది దారి చూపొచ్చు, కానీ సాక్ష్యం కాదు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను కోర్టులో దాఖలు చేసినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. యంత్రం చెప్పిన తీర్పును ఈ-ఎస్‌సీఆర్‌లో కళ్లారా చూశాకే నోరు విప్పండి.

ఇవన్నీ చదివితే లాయరు అక్కర్లేదని నేను అనడం లేదు. వెతికి తెచ్చిన కాగితాలతో లాయరు దగ్గరికి పోతే, ఆయన మొదటి రోజు నుంచే పని మొదలుపెడతాడు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఆ సెక్షన్‌లో చెప్పిన ఇలాంటి వర్గాల్లోకి రానివారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

ఇక మనం చేయాల్సిన పని. ప్రతి మండల కమిటీ ఇద్దరు యువతీ యువకులను ఈ వెతుకులాటకు కేటాయించాలి. మండలంలో ఏ కంపెనీ ఒప్పందాలు రాయిస్తున్నా దాని ఖాళీ ఫారం జిరాక్స్ తెచ్చి ఫైల్లో పెట్టాలి. కంపెనీ వివరాల ప్రింటు, దాని మీదున్న కేసుల జాబితా పక్కనే పెట్టాలి. సంతకం చేసిన ప్రతి రైతు దగ్గర అన్ని పేజీల నకలు ఉండేలా చూడాలి. నకలు ఇవ్వని వాడికి సంతకం ఇవ్వొద్దని గ్రామసభలో చెప్పాలి.

మొదట చెప్పిన రైతు సంగతి అడుగుతారేమో. మేం కాటా చీటీలు, ఫోన్లోని మెసేజ్‌లు పోగు చేసి వినియోగదారుల కమిషన్‌లో వేశాం. కేసు నడుస్తోంది. ఒప్పందం నకలు కోసమే ఆరు నెలలు తిరిగాం. ఆ ఆరు నెలల పని, సంతకం పెట్టిన రోజు జిరాక్స్ షాపులో పది రూపాయలతో అయిపోయేది.

ఈ పది రూపాయల పని మన ఊళ్లలో ఇంకొక రైతుకు మిగలకుండా చూద్దాం. సెలవు.